రేస్: ది పవర్ ఆఫ్ యాన్ ఇల్యూజన్ - టీనేజ్ పిల్లలతో కలిసి చూశాక నా రివ్యూ

రేసిజం గురించి పిల్లలకి చూపించడానికి ఏదైనా మంచి వీడియో ఉంటే చెప్పండి అని ఇక్కడ అమెరికాలో తెలుగు పేరెంట్స్ అడుగుతూనే ఉంటారు, వచ్చే జవాబులు కూడా ఎప్పుడూ దాదాపు అవే, ఏదో ఒక కన్నీళ్ళు పెట్టించే సినిమా, లేదంటే మార్టిన్ లూథర్ కింగ్ స్పీచ్. అవి చూపించొద్దని నేను అనట్లేదు. కానీ అక్కడితో ఆపేస్తే పిల్లల మనసులో మిగిలేది "పాపం, అప్పట్లో కొంతమంది చెడ్డవాళ్ళు ఉండేవాళ్ళు, తర్వాత అంతా బాగైపోయింది" అనే ఒక అభిప్రాయం. ఏ చట్టంతో చేశారు, ఆ చట్టం వల్ల ఎవరి ఇంటికి డబ్బు చేరింది, ఇవాళ మనం ఉంటున్న వీధికీ దానికీ సంబంధం ఏంటి, ఇవేవీ వాళ్ళకి తెలియవు. నేను చూసినవాటిలో ఈ పని సరిగ్గా చేసింది ఈ డాక్యుమెంటరీ సిరీసే, అందుకే వివరంగా రాస్తున్నా, పొడుగైనా ఓపిగ్గా చదవండి.

కాలిఫోర్నియా న్యూస్‌రీల్ అనే సంస్థ తీసింది, 2003లో పీబీఎస్ అనే అమెరికా పబ్లిక్ టీవీలో వచ్చింది. మొత్తం మూడు ఎపిసోడ్లు, ఒక్కోటి గంటకి కాస్త తక్కువ, నేరేషన్ సి.సి.హెచ్. పౌండర్ అనే నటి చెప్పారు, ఆవిడ గొంతు చాలా నిదానంగా, స్పష్టంగా ఉంటుంది. మాకు లైబ్రరీ కార్డు మీద స్ట్రీమింగ్‌లో దొరికింది. మేం కొన్ని కుటుంబాలం కలిసి వీకెండ్స్‌లో పిల్లల్ని కూర్చోబెట్టి ఏదో ఒకటి చూసి మాట్లాడుకుంటాం, సెవెంత్ గ్రేడ్ నుంచి లెవెంత్ వరకు పిల్లలు ఉన్నారు. ఒక్కో వీకెండ్ ఒక్కో ఎపిసోడ్ చొప్పున చూశాం.

ముందే చెప్తున్నా, మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టకండి. మూడోది, ది హౌస్ వి లివ్ ఇన్, ముందు చూపించండి. ఎందుకంటే అది ఇళ్ళ గురించి. మన ఇళ్ళల్లో పిల్లలు చిన్నప్పటి నుంచి వినే మాటలు ఏంటో ఒక్కసారి గుర్తు చేసుకోండి. "ఆ ఏరియా మంచిది కాదు", "అటు నల్లోళ్ళు ఎక్కువ, రీసేల్ ఉండదు", "స్కూల్ రేటింగ్ ఎంత, తొమ్మిదా పదా". ఇల్లు కొనేటప్పుడు ఈ మాటలు అనని వాళ్ళు మనలో చాలా తక్కువ. పిల్లలు ఇవి విని వాళ్ళంతట వాళ్ళే ఒక లెక్క వేసుకుంటారు, నల్లవాళ్ళు ఉంటే ఏరియా పాడవుతుంది అని. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అయినా నేర్చేసుకున్నారు. ఆ లెక్క తప్పని నోటితో ఎన్నిసార్లు చెప్పినా దిగదు, అసలు ఆ ఏరియా అలా ఎలా తయారైందో చూపిస్తే దిగుతుంది.

ఆ ఎపిసోడ్ చేసేది అదే. 1934లో ఎఫ్‌హెచ్‌ఏ, అంటే ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ వచ్చింది, అప్పటి దాకా సామాన్యుడు ఇల్లు కొనాలంటే సగం డబ్బు ముందే కట్టి, మిగతాది కొద్ది ఏళ్ళలోనే తీర్చాల్సి వచ్చేది, గవర్నమెంట్ లోన్‌కి గ్యారంటీ ఇవ్వడంతో తక్కువ డౌన్ పేమెంట్‌తో ఏళ్ళ తరబడి నెలనెలా కట్టుకునే పద్ధతి సామాన్యుడికి అందింది. ఇవాళ మనమంతా కడుతున్న మార్ట్‌గేజ్‌కి మూలం ఆ కాలమే. అయితే ఆ గ్యారంటీ ఏ ఏరియాకి ఇవ్వాలి అన్న దగ్గర రంగు చూశారు. నల్లవాళ్ళు ఉన్న చోట రిస్క్ అని రాసేసి లోన్లు ఆపారు, మ్యాపుల్లో ఆ వీధులు ఎర్ర రంగులో వేశారు, రెడ్‌లైనింగ్ అనే మాట అక్కడి నుంచే. 1934 నుంచి 1962 వరకు గవర్నమెంట్ అండతో దాదాపు 120 బిలియన్ డాలర్ల ఇంటి లోన్లు ఇస్తే, అందులో తెల్లవాళ్ళు కానివాళ్ళకి చేరింది 2 శాతం కూడా లేదని సినిమాలో చెప్తారు. ఆ అంకె వచ్చినప్పుడు నేను పాజ్ నొక్కాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒక పాప "అంటే వాళ్ళు సేవ్ చేసుకోలేదని కాదా, అసలు కొననివ్వలేదా" అని అడిగింది. నేను గంటసేపు లెక్చర్ ఇచ్చినా ఆ ప్రశ్న వచ్చేది కాదు.

లెవిట్‌టౌన్ అనే, న్యూయార్క్ దగ్గర కొత్తగా కట్టిన ఇళ్ళ కాలనీ గురించి ఒక పెద్దాయన చెప్పే భాగం కూడా ఉంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం నుంచి వచ్చిన నల్లజాతి మనిషి, కొత్త ఇళ్ళు అమ్ముతున్నారని భార్యతో వెళ్తే సేల్స్‌మన్ ఇల్లు అంతా చూపించి, మీకు అమ్మడం కుదరదని చెప్పడం. ఆ సేల్స్‌మన్ తిట్టలేదు, కొట్టలేదు, మర్యాదగానే మాట్లాడాడు. ఈ పాయింట్ దగ్గర కాసేపు ఆగండి, ఎందుకంటే పిల్లల ఊహలో రేసిస్ట్ అంటే ఎప్పుడూ అరిచే మనిషి. మర్యాదగా ఫారం వెనక్కి ఇచ్చేవాడు కూడా అదే పని చేస్తున్నాడని వాళ్ళు మొదటిసారి చూసేది ఇక్కడ.

లోన్ దొరికి తెల్లవాళ్ళు కొన్న ఇల్లు విలువ పెరిగింది, పిల్లల కాలేజీకి పనికొచ్చింది, తర్వాతి తరానికి డౌన్ పేమెంట్ అయింది. ఇల్లు రానివాళ్ళకి ఇవేవీ దక్కలేదు. సగటు నల్లజాతి కుటుంబం ఆస్తి తెల్లజాతి కుటుంబం ఆస్తిలో ఎనిమిదో వంతు అని సినిమా చెప్తుంది, అది 2003 నాటి మాట. ఇప్పటి సంగతి కూడా పిల్లలకి చెప్పాలి కదా అని ఫెడరల్ రిజర్వ్ వాళ్ళ 2022 సర్వే చూస్తే, మధ్యస్థ (అంటే ఆస్తి వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే) తెల్లజాతి కుటుంబం ఆస్తి 285,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900. సినిమాది సగటు లెక్క, ఇది మధ్యస్థం, కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి తగ్గింది పెరిగింది అనకూడదు, మ్యాథ్స్ బాగా చేసే పిల్లాడు ఎవరైనా ఉంటే ఆ తేడా వాడి చేతే చెప్పించండి, మా దగ్గర అలాగే జరిగింది.

ఇదే ఎపిసోడ్‌లో మన పిల్లలు కుర్చీలో నిటారుగా కూర్చునే భాగం ఇంకోటి ఉంది. 1790 చట్టం ప్రకారం బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళలో పౌరసత్వం తెల్లవాళ్ళకి మాత్రమే, అంతర్యుద్ధం తర్వాత 1870లో ఆఫ్రికా మూలాలున్నవాళ్ళని కూడా కలిపారు, ఆసియా వాళ్ళకి మాత్రం లేదు. జపాన్ నుంచి వచ్చిన టకావో ఒజావా కోర్టుకి వెళ్ళాడు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడేవాడు, మా ఒంటి రంగు కూడా తెలుపే అన్నాడు. 1922లో సుప్రీం కోర్టు ఏమంది అంటే, తెలుపు అంటే ఒంటి రంగు కాదు, కాకేసియన్ (అప్పటి శాస్త్రవేత్తలు తెల్లవాళ్ళు చేరే జాతికి పెట్టిన పేరు) అయ్యుండాలి, నువ్వు కాదు అంది. మూడు నెలలకి, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థిండ్ కేసు వచ్చింది. పంజాబ్‌లో పుట్టినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. శాస్త్రవేత్తల లెక్క ప్రకారం మేం కాకేసియన్లమే, మీరే కదా కాకేసియన్ అయితే చాలన్నారు అని వాదించాడు. అదే కోర్టు, తీర్పు రాసింది కూడా అదే జడ్జి జార్జ్ సదర్లాండ్, ఈసారి శాస్త్రం సంగతి మాకొద్దు, సామాన్య మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు అని కొట్టేశారు. ఆ తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర కూడా వెనక్కి లాక్కున్నారు.

ఇక్కడ పాజ్ చేసి, సరే, ఈ రెండు తీర్పులు చూసి రూల్ ఏంటో చెప్పండి అని అడిగాను. పిల్లలు చాలాసేపు ట్రై చేశారు, ఒకడు రంగు అన్నాడు, ఇంకొకరు పుట్టిన దేశం అన్నారు, ఏదీ రెండు కేసులకీ సరిపోలేదు. చివరికి నైన్త్ గ్రేడ్ పాప "రూల్ ముందు లేదు, ఎవర్ని వద్దనుకున్నారో ముందు తేల్చుకుని తర్వాత రూల్ రాశారు" అంది. రేస్ అనేది మనుషులు తయారుచేసింది అనే మాట పిల్లలకి అర్థమవడానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి దారి లేదు.

కానీ సినిమా ఇంకాసేపు ఆగాల్సింది అనిపించిన చోటు కూడా ఇదే. థిండ్ తరఫు వాదనలో, ఆయన ఉన్నత కులం హిందువు అనీ (ఆయన నిజానికి సిక్కు), ఉన్నత కులం వాళ్ళు పెళ్ళి సంబంధాల విషయంలో ఇండియాలోని ఆదివాసుల్ని చూసే తీరు, అమెరికన్లు నల్లవాళ్ళని చూసే తీరు ఒకటే అనీ రాశారు. అంటే గీత గీయడం తప్పు అనలేదు, గీతకి మీ వైపు మమ్మల్ని కలుపుకోండి అన్నారు. ఇది దాటేసి, మనకి జరిగిన అన్యాయం మాత్రమే చెప్పి ఊరుకుంటే పిల్లలకి సగమే చెప్పినట్టు. నేను ఆ వాక్యం గురించి చెప్పినప్పుడు గదిలో పెద్దవాళ్ళు ఇబ్బందిగా కదిలారు, పిల్లలు మాత్రం సూటిగా కులం గురించి అడిగారు, మన కులం ఏంటి, పెళ్ళిళ్ళలో చూస్తారా, ఎందుకు చూస్తారు అని. ఆ సాయంత్రం అసలు సినిమా కన్నా ఆ మాటలే ఎక్కువసేపు నడిచాయి. పేరెంట్స్ దీనికి సిద్ధపడి కూర్చోండి, పిల్లలు అడిగితే తప్పించుకోవద్దు.

మొదటి ఎపిసోడ్, ది డిఫరెన్స్ బిట్వీన్ అస్, సైన్స్. రకరకాల నేపథ్యాల స్టూడెంట్స్ ఒక ల్యాబ్‌లో తమ డీఎన్ఏ పోల్చి చూసుకుంటారు, ముందు ఎవరికి ఎవరు దగ్గరగా ఉంటారో ఊహించమంటారు, అందరూ రంగు చూసే జత కడతారు, తీరా రిజల్ట్ వస్తే తమ రేస్ అనుకున్నవాళ్ళతో ఎంత దగ్గరో వేరే వాళ్ళతోనూ అంతే దగ్గర. జెనెటిసిస్ట్ రిచర్డ్ లెవాంటిన్ వచ్చి మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో 85 శాతం ఏ ఒక్క జనాభాని తీసుకున్నా దాని లోపలే ఉంటాయని వివరిస్తారు. సికిల్ సెల్ అనే రక్తం జబ్బు నల్లవాళ్ళ జబ్బు అనుకుంటారు కదా, అది మలేరియా ఉన్న చోట వచ్చింది, అరేబియాలో ఉంది, గ్రీసులో ఉంది, ఇండియాలో ఉంది, మలేరియా లేని దక్షిణాఫ్రికా వాళ్ళలో పెద్దగా లేదు. బయాలజీ చదివే పిల్లలకి ఇది బాగా నచ్చుతుంది.

అయితే వయసు కనిపించేది కూడా ఈ ఎపిసోడ్‌లోనే. 2003 తర్వాత ఇంటికి కిట్ తెప్పించుకుని ఉమ్మేసి పంపే డీఎన్ఏ టెస్టులు వచ్చేశాయి, నువ్వు ఇంత శాతం ఇది, అంత శాతం అది అని రంగురంగుల చార్ట్ పంపిస్తున్నారు, మరి సినిమా రేస్ డీఎన్ఏలో లేదంటోంది, నా ఫ్రెండ్‌కి వచ్చిన చార్ట్ సంగతేంటి అని పిల్లలు తప్పకుండా అడుగుతారు, మా వాళ్ళు అడిగారు. దానికి సినిమాలో జవాబు దొరకదు, మనమే చెప్పాలి. పూర్వీకులు ఏ ప్రాంతం వాళ్ళో కొన్ని గుర్తులని బట్టి అంచనా వేయొచ్చు, అది నిజం. కానీ ఆ గుర్తులు మనుషుల్ని నాలుగైదు పెట్టెల్లో విడదీయవు, ఒక ప్రాంతం నుంచి పక్క ప్రాంతానికి వెళ్ళేకొద్దీ మెల్లగా మారుతూ పోతాయి, ఆ పెట్టెలు గీసింది మనుషులు. ఇది ముందే చదువుకుని వెళ్ళకపోతే పెద్దవాళ్ళు తడబడతారు.

రెండోది, ది స్టోరీ వి టెల్, పిల్లలకి కొంచెం బరువు. సెవెంత్ గ్రేడ్ వాళ్ళు మధ్యలో ఫోన్ల వైపు చూడటం మొదలుపెట్టారు, ప్రొఫెసర్లు వరసగా మాట్లాడతారు, పాత బొమ్మల మీద కెమెరా మెల్లగా జరుగుతుంది. కానీ అందులో ఒక ఆలోచన ఉంది, అది దొరికితే మిగతా రెండు ఎపిసోడ్లూ ఇంకా బాగా అర్థమవుతాయి. 1676లో వర్జీనియాలో బేకన్ తిరుగుబాటు, అందులో ఒప్పంద కూలీలుగా వచ్చిన తెల్ల పేదలూ నల్లవాళ్ళూ కలిసి పోరాడారు, ఆ తర్వాత దశాబ్దాల్లో చట్టాలు ఒక్కొక్కటిగా వాళ్ళని వేరుచేస్తూ వచ్చాయి, 1705 నాటికి అన్నీ ఒకచోట చేర్చి పెద్ద బానిస చట్టమే రాశారు. తర్వాత జెఫర్సన్ 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానం అని రాశాడు, ఆయన దగ్గరే వందల మంది బానిసలు. అందరూ సమానం అని ప్రకటించిన దేశం బానిసల్ని ఉంచుకోవాలంటే వాళ్ళు మనలాంటి మనుషులు కాదు అని ఏదో ఒక కారణం కావాలి, ఆ కారణం పేరే రేస్. బానిసత్వం పాతదే, ప్రపంచమంతా ఉంది, కానీ రంగుని బట్టి పుట్టుకతోనే తక్కువ అనే సిద్ధాంతం స్వేచ్ఛ గురించిన మాటలతో పాటే పెరిగింది అని సినిమా చెప్తుంది. స్కూల్లో ఈ రెండూ వేర్వేరు చాప్టర్లలో చదువుకున్న పిల్లలకి రెండూ కలిపి చూడటం కొత్త.

1904 సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో ఫిలిప్పీన్స్ మనుషుల్ని తెచ్చి జనం చూడటానికి పెట్టిన భాగం కూడా ఈ ఎపిసోడ్‌లోనే ఉంది. ఆ పాత ఫోటోలు చూసి చిన్న పిల్లలు కలత పడొచ్చు, కాబట్టి మిడిల్ స్కూల్ లోపు వాళ్ళకి ఈ సిరీస్ వద్దు. వాళ్ళకి సెసమీ వర్క్‌షాప్ వాళ్ళు 2021లో వెస్, ఇలైజా అనే తండ్రీ కొడుకుల బొమ్మలతో చేసిన చిన్న వీడియోలు ఉన్నాయి, ఒంటి రంగు మెలనిన్ వల్ల వస్తుంది అని చక్కగా చెప్తారు, ఆ వయసుకి అది చాలు.

జేన్ ఎలియట్ అనే టీచర్ 1968లో, కింగ్‌ని చంపిన మర్నాడే, అయోవాలో తన థర్డ్ గ్రేడ్ క్లాసులో నీలి కళ్ళవాళ్ళు, గోధుమ కళ్ళవాళ్ళు అని విడదీసి చేసిన ప్రయోగం చాలామందికి తెలుసు, దాని మీద వచ్చిన డాక్యుమెంటరీని కూడా చాలా స్కూళ్ళలో చూపిస్తారు. చాలా బలమైనది. కానీ అది చూసిన పిల్లలు, రేసిజం అంటే ఒకరు ఇంకొకర్ని చిన్నచూపు చూడటం, మనం అలా చేయకపోతే సరిపోతుంది అనుకుంటారు. దాన్ని ఒక్కదాన్నే చూపించి వదిలేస్తే బ్యాంకు లోన్, స్కూల్ డిస్ట్రిక్ట్, ప్రాపర్టీ ట్యాక్స్ ఇవేవీ వాళ్ళ దృష్టికి రావు. అసలు ఆ ప్రయోగాన్ని ఇంట్లో పిల్లల మీద చేసి చూద్దాం అనే ఆలోచన మాత్రం ఎవరూ పెట్టుకోకండి, ట్రైనింగ్ లేకుండా చేసే పని కాదది.

మేం సినిమాకి తోడు రెండు పనులు చేశాం, రెండూ బాగా వర్కౌట్ అయ్యాయి. ఒకటి, పాత సెన్సస్ ఫారాలు. అమెరికా సెన్సస్‌లో 1920, 1930, 1940లలో "హిందూ" అనేది ఒక రేస్, మతంతో సంబంధం లేకుండా ఇండియా నుంచి వచ్చినవాళ్ళందరికీ అదే. 1970లో భారతీయుల్ని తెల్లవాళ్ళ కింద లెక్కేశారు. 1980లో "ఏషియన్ ఇండియన్" అని కొత్త గడి పెట్టారు. మనిషి మారలేదు, గడి మారింది, పిల్లలు దీన్ని చూసి చాలాసేపు వాదించుకున్నారు. రెండోది, రిచ్‌మండ్ యూనివర్సిటీ వాళ్ళు పెట్టిన మ్యాపింగ్ ఇనీక్వాలిటీ అనే సైట్, అందులో 1930ల నాటి రెడ్‌లైనింగ్ మ్యాపులు అసలు రంగులతో ఉన్నాయి, ఆ రోజుల్లో అధికారులు ఒక్కో ఏరియా గురించి రాసిన నోట్స్ కూడా చదవొచ్చు. పిల్లలు మా దగ్గర్లోని పెద్ద సిటీ తీసి, ఏ వీధి ఏ రంగులో ఉందో చూసి, ఇప్పటి మ్యాప్ పక్కన పెట్టుకున్నారు. ఎర్ర రంగు వీధులు ఈనాటికీ ఎలా ఉన్నాయో వాళ్ళకి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

లోటుపాట్లు ఇంకొన్ని. 1965 తర్వాత వచ్చిన మనలాంటివాళ్ళ గురించి సిరీస్‌లో దాదాపు ఏమీ లేదు. 1946 చట్టంతో ఇండియా నుంచి ఏడాదికి సుమారు 100 మందికే అవకాశం ఉండేది, 1965లో కోటాలు ఎత్తేయడంతో డాక్టర్లు, ఇంజనీర్లు రావడం మొదలైంది, ఆ చట్టం పాసైన వాతావరణం సివిల్ రైట్స్ ఉద్యమం తెచ్చింది. అంటే నల్లజాతి వాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని సాధించిన దానివల్ల మన తలుపు కూడా తెరుచుకుంది. ఇది మన పిల్లలకి తెలిసి తీరాలి, సినిమా చెప్పదు కాబట్టి మనమే చెప్పాలి. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, అమ్మమ్మా తాతయ్యా కూడా కూర్చుంటే పక్కన ఎవరో ఒకరు చెప్తూ ఉండాలి, మా ఇంట్లో పిల్లలే చెప్పారు, దానివల్ల వాళ్ళకి ఇంకా బాగా అర్థమైంది.

స్కూల్లో చూపిస్తార్లే అనుకోకండి. 2021 నుంచి టెక్సస్, టెన్నెసీ, ఓక్లహోమా, ఫ్లోరిడా లాంటి చాలా రాష్ట్రాల్లో రేస్ గురించి క్లాసులో ఏం చెప్పొచ్చు, ఎలా చెప్పొచ్చు అనే దాని మీద చట్టాలు వచ్చాయి, టీచర్లు భయపడి ఇలాంటివి పక్కన పెట్టేస్తున్నారు. ఇంట్లో చూపించడానికి ఎవరూ అడ్డు రారు కదా.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు పాతబడిన డీఎన్ఏ భాగానికీ, రెండో ఎపిసోడ్ నడకకీ తీశాను. అసోసియేషన్ తరఫున హాల్లో పెద్ద స్క్రీన్ మీద వేయాలనుకుంటే లైబ్రరీ కార్డు లింక్‌తో వేయకండి, పబ్లిక్ స్క్రీనింగ్‌కి అనుమతి వేరేగా ఉంటుంది, ముందే నిర్మాతల్ని అడగండి. ఇంకో మాట, ఎపిసోడ్ల ట్రాన్‌స్క్రిప్టులు కాలిఫోర్నియా న్యూస్‌రీల్ సైట్‌లో దొరుకుతాయి, చూసే ముందు పెద్దవాళ్ళు ఒకసారి చదివి, పాజ్ చేయాల్సిన చోట్లు మార్క్ చేసి పెట్టుకోండి, ఒక్కో ఎపిసోడ్‌కి రెండు గంటలైనా ఖాళీ ఉంచుకోండి, ఎందుకంటే పిల్లలు మాట్లాడటం మొదలుపెడితే గంటలో అవ్వదు.